చెత్త బండి నొక్కేయకముందే మాకివ్వండి: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

పర్యావరణం, చిన్న పరిశ్రమల శాఖలు చూస్తున్న మంత్రి గారికి నమస్కారం.

పారేసిన సామానుతో చేతిపనులు చేసి, అమ్ముకుని, దాంతోనే ఇల్లు నడుపుకునే చిన్న వ్యాపారుల్లో నేనొకరిని. వాడేసిన ఫ్లెక్సీలతో సంచులు, పాత జీన్స్‌తో పర్సులు, లారీ ట్యూబులతో బెల్టులు, పగిలిన టైల్స్ ముక్కలు అతికించిన బల్లలు, ఖాళీ సీసాలతో దీపాలు, ప్యాకింగ్ చెక్కలతో అరలు, ఇలాంటివి చేస్తాం. పని వచ్చినవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. మా పని ఆగిపోయేది ముందు సరుకు దగ్గర, ఆ తర్వాత కాగితాల దగ్గర. ఈ రెండూ మీ శాఖల పరిధిలోవే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను, అందరూ చదివేలా రాస్తున్నాను.

సరుకు సంగతి ముందు చెప్తాను. చెత్త సేకరణ కాంట్రాక్టులు చాలాచోట్ల టన్నుల లెక్కన ఉంటాయి. ఎంత బరువు ఎత్తితే అంత డబ్బు, అందుకే ఇళ్ల నుంచి, షాపుల నుంచి వచ్చినదంతా ఒకే బండిలో వేసి, ప్రెస్ పెట్టి నొక్కేసి తీసుకెళ్లిపోతారు. ఆ నొక్కుడుతోనే మా ముడిసరుకు చచ్చిపోతుంది. సీసా పగలకుండా ఉంటే మెడ కోసి దీపం చేయొచ్చు, ముక్కలైపోతే అది కొలిమికి తప్ప ఎందుకూ పనికిరాదు. టైలర్ దగ్గర మిగిలిన గుడ్డ పీలికలు పొడిగా, విడిగా ఉంటే బంగారం. కూర మరకలు అంటుకుని, తడిసి, బూజు పట్టాక వాటిని ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదు. అదే గుడ్డ, అదే రోజు, తేడా అంతా ఎవరి చేతికి ముందు వెళ్లింది అన్నదే.

యూరప్ దేశాలు 2008లో తెచ్చిన చెత్త నిర్వహణ ఆదేశంలో ఒక వరస ఉంది. మొదట అసలు చెత్త రాకుండా చూడాలి, తర్వాత వస్తువును మళ్లీ వాడుకునేలా సిద్ధం చేయాలి, ఆ తర్వాతే రీసైక్లింగ్, దాని తర్వాత కాల్చి వేడి తీసుకోవడం లాంటివి, చివరగా డంప్ చేయడం. అంటే కరిగించడం కన్నా, గుజ్జు చేయడం కన్నా, ఉన్నదాన్ని ఉన్నట్టు వాడటం పై మెట్టు. ఈ వరస తప్పని మన అధికారులెవరూ అనరు, మీటింగుల్లో వాళ్లే చెప్తారు కూడా. కానీ బండిలో ప్రెస్ బిగించినప్పుడే ఆ రెండో మెట్టును తీసేశారు కదా. టన్నుకింత అని డబ్బు తీసుకునే కాంట్రాక్టర్ నాలాంటి వాడికి వంద కిలోల గుడ్డ ఎందుకు వదులుతాడు? అతన్ని తప్పుపట్టను, కాంట్రాక్టే అలా రాశారు.

అలాగని అంతా మాకే ఇవ్వమని అడగడం లేదు, ఈ మాట మా తోటి చేతిపనివాళ్లకు నచ్చకపోయినా చెప్పాలి. అల్యూమినియం డబ్బాలు మాకొద్దు. ఖనిజం నుంచి తీసే దానితో పోలిస్తే పాత అల్యూమినియాన్ని కరిగించడానికి దాదాపు 95 శాతం తక్కువ శక్తి చాలు, అది కొలిమికే వెళ్లాలి. ఆ డబ్బాను పువ్వులా కత్తిరించి, రంగేసి, జిగురుతో ప్లాస్టిక్ పూసలు అంటించి అమ్మితే ఏడాది తర్వాత దుమ్ము పట్టి మళ్లీ చెత్తలోకే వస్తుంది, అప్పుడది కరిగించడానికీ ఇబ్బందే. మంచినీళ్ల బాటిళ్లూ అంతే, శుభ్రంగా ఉన్న పెట్ బాటిల్‌కు రీసైక్లింగ్‌లో గిరాకీ ఉంది, దాన్ని పూలకుండీగా మార్చి మేం గొప్పపని చేశామనుకోవడం నాకు సరిగ్గా అనిపించదు.

మాకు కావాల్సింది రీసైక్లింగ్ వాళ్లు వద్దనే సరుకు. ఫ్లెక్సీనే తీసుకోండి. లోపల పాలిస్టర్ వల, పైన పీవీసీ పూత, రెండూ అతుక్కుపోయి ఉంటాయి, విడదీయడం కష్టం కాబట్టి మామూలు రీసైక్లింగ్ యూనిట్లు ముట్టుకోవు. తగలబెడితే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాస్ వస్తుంది, కళ్లు, ఊపిరితిత్తులు మండిపోతాయి. కానీ అదే ఫ్లెక్సీ వానకు తడవదు, కుట్టు పడుతుంది, బరువు మోస్తుంది, సంచికి ఇంతకన్నా ఏం కావాలి? లారీల మీద కప్పే టార్పాలిన్లు కూడా ఇలాంటివే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఫ్రైటాగ్ అన్నదమ్ములు 1993లో పాత లారీ టార్పాలిన్లతో బ్యాగులు కుట్టడం మొదలుపెడితే ఇవాళ అది పెద్ద కంపెనీ. కాటన్, పాలిస్టర్, సాగే దారం కలిసి నేసిన గుడ్డ కూడా మిల్లులకు తలనొప్పి, మాకు కాదు. పగిలిన పింగాణీ కప్పులు, టైల్స్, వేడికి తట్టుకునే గాజు గిన్నెలు అయితే సీసాల గాజులో కలిస్తే ఆ కొలిమి సరుకే పాడవుతుంది, వాటిని ముందే ఏరి మాకిస్తే రీసైక్లింగ్ వాళ్లకే లాభం.

ఇది జరగని పనేం కాదు. చండీగఢ్‌లో నేక్ చంద్ గారు రోడ్ల ఇన్‌స్పెక్టర్‌గా పని చేస్తూ, ప్రభుత్వ స్థలంలో ఎవరికీ చెప్పకుండా, పగిలిన పింగాణీతో, గాజులతో, పారేసిన సామానుతో బొమ్మలు నిండిన ఒక లోకాన్నే కట్టారు, ఇవాళ రాక్ గార్డెన్ అంటున్నది దాన్నే. బయటపడ్డాక కూల్చేయాలన్న మాట వచ్చింది, చివరికి 1976లో దాన్ని జనం కోసం తెరిచి, ఆయనకు జీతం, పనివాళ్లను ఇచ్చారు. అందరూ ఆ బొమ్మల గురించి మాట్లాడతారు, నాకు మాత్రం అందులో ముఖ్యమైన సంగతి ఇంకొకటి కనిపిస్తుంది: గుడ్డ పీలికలు, పగిలిన పింగాణీ విడిగా పోగేయడానికి ఆ నగరంలో సేకరణ కేంద్రాలు పెట్టారు. సరుకు శుభ్రంగా ఒకచోటికి వచ్చింది కాబట్టే అంత పని సాగింది.

కాబట్టి మొదటి కోరిక ఇదీ. వచ్చేసారి చెత్త కాంట్రాక్టులు రాసేటప్పుడు, ప్రెస్ చేయకముందు విడిగా పెట్టాల్సిన రకాల పేర్లు అందులో చేర్చండి, వాటిని తీసుకునే హక్కు రిజిస్టర్ చేసుకున్న చేతిపనివాళ్లకు ఇవ్వండి, ఆ బరువును కూడా కాంట్రాక్టర్ లెక్కలో కలపండి, అతనికి నష్టం రాకూడదు. ఏరే పనిని ఇప్పటికే చెత్త ఏరుకుని బతికే వాళ్లకు కూలి ఇచ్చి చేయించండి. ఏ గుడ్డ ఏదో, ఏ ప్లాస్టిక్ ఏదో వాళ్లు ముట్టుకుని చెప్పేస్తారు. నాకు తెలిసిన దాంట్లో సగం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. ఒక పీలికను కొసన కాల్చి చూస్తే కాటన్ బూడిదైపోతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది, ఇది ఏ ట్రైనింగులోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

ఇక కాగితాల సంగతి. ఇక్కడే మాకు ఎక్కువ టెన్షన్.

రూల్స్ రాసినవాళ్ల మనసులో ఒక ఫ్యాక్టరీ ఉంది. దానికి బిల్లు ఇచ్చే సప్లయర్ ఉంటాడు, ఒకేలాంటి వస్తువులు వేలల్లో వస్తాయి, అందులో కొన్నిటిని ల్యాబుకు పంపి పగలగొట్టి పరీక్ష చేసినా నష్టం లేదు. నేను చేసే వస్తువు ఒక్కటే ఉంటుంది. దాన్ని పగలగొట్టి పరీక్షిస్తే అమ్మడానికి ఏమీ మిగలదు. పరీక్ష ఫీజు చూస్తే వస్తువు ధర కన్నా ఎక్కువ. ముడిసరుకు బిల్లు చూపించమంటారు, పక్కింటివాళ్లు ఇచ్చిన పాత ప్యాంట్లకు బిల్లు ఎక్కడి నుంచి తేను? ఒకసారి ఒక ఆఫీసులో ఇదే మాట చెప్తే, బిల్లు లేకపోతే దొంగసరుకు అనుకోవాల్సి వస్తుందన్నారు. అక్కడ కూర్చున్నవాళ్లందరి ముందు ఆ మాట పడ్డాను, చాలా బాధ కలిగింది.

అమెరికాలో ఇదే గొడవ పెద్ద ఎత్తున జరిగింది. 2007లో బొమ్మల రంగుల్లో సీసం బయటపడి లక్షల బొమ్మలు వెనక్కి తీసుకున్నాక, 2008లో పిల్లల వస్తువులన్నిటికీ బయటి ల్యాబు పరీక్ష తప్పనిసరి చేశారు. చట్టం ఉద్దేశం మంచిదే, కానీ ఇంట్లో కూర్చుని చెక్కబొమ్మలు చేసేవాళ్ల మీద పడింది ఆ బరువు. వాళ్లు గట్టిగా అడిగారు. 2011లో చట్టం సవరించి, తక్కువ సంఖ్యలో తయారు చేసే చిన్నవాళ్లు విడిగా రిజిస్టర్ చేసుకునే ఏర్పాటు చేశారు. ఒకే వస్తువు ఏడాదికి 7,500 లోపు, ఆదాయం ఒక పరిమితి లోపు ఉంటే, కొన్ని రకాల బయటి ల్యాబు పరీక్షల నుంచి మినహాయింపు. రంగులో సీసం, పసిపిల్లలు మింగే చిన్న ముక్కలు లాంటి పరీక్షలు మాత్రం అందరికీ అలాగే ఉంచారు. ఈ చిన్నవాళ్లకని సీసం పరిమితిని సడలించలేదు. ఇంకో మంచి పని, రంగు డబ్బాను ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఆ రిపోర్టును ఆ రంగు వేసిన వేరే వేరే వస్తువులకు కూడా వాడుకోవచ్చు. మాకూ ఇలాంటిదే కావాలి.

భద్రత వదిలేయమని నేను చచ్చినా అడగను, ఎందుకంటే పాత సామానులో ఏం ఉంటుందో మాకన్నా బాగా ఎవరికి తెలుసు? ప్యాకింగ్ చెక్కల మీద ఒక ముద్ర ఉంటుంది, దేశాల మధ్య సరుకు తిరిగే చెక్కకు అది తప్పనిసరి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. ఎంబీ చెక్కతో నేను ఏదీ చేయను, ముద్ర లేనిదీ పిల్లల వస్తువులకు వాడను. పాత కిటికీ తలుపుల రంగులో సీసం ఉండొచ్చు, గీకితే ఆ దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పాత కంప్యూటర్ బోర్డులు కత్తిరించి చెవిపోగులు చేసేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది, 2006లో యూరప్ నిషేధం వచ్చేదాకా ఆ టంకంలో సీసం ఉండటం మామూలు సంగతి. ఇవన్నీ ఎక్కడెక్కడో చదివి, వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకున్నవి. ఇవాళ కొత్తగా ఈ పని మొదలుపెట్టే పిల్లకు ఎవరు చెప్తారు? మీ శాఖ నుంచి ఒక చిన్న పుస్తకం వస్తే చాలు, ఏ సరుకు దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు, ఎలా గుర్తుపట్టాలి అని. చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్లు ఉన్నాయి, వస్తువును కోయకుండా, పగలగొట్టకుండా, పైన పెట్టి నొక్కితే సీసం ఉందో లేదో కాసేపట్లో చెప్తాయి. చిన్న పరిశ్రమల ఆఫీసుల్లో ఒక్కొక్కటి పెట్టి, వారంలో ఒకరోజు మాలాంటివాళ్లు సామాను తెచ్చుకుని చూపించుకునేలా చేయండి. బిల్లు అడగడం మానేసి, సరుకు ఏమిటి, అది ఎవరి చేతికి వెళ్తుంది అని అడగండి. గోడకు తగిలించే బొమ్మకూ పసిబిడ్డ నోట్లో పెట్టుకునే బొమ్మకూ ఒకే ఫారం ఉండకూడదు.

పన్ను గురించి రెండు మాటలే. పాత వస్తువును అలాగే, లేదా రిపేరు చేసి అమ్మేవాళ్లకు చాలా దేశాల్లో లాభం మీద మాత్రమే పన్ను వేసే పద్ధతి ఉంది. అదే పాత ప్యాంటును కత్తిరించి బ్యాగుగా కుడితే అది కొత్త వస్తువు అయిపోయి మొత్తం ధర మీద పన్ను పడుతుంది. ఆ గుడ్డ మీద ఒకసారి పన్ను కట్టేశారు. ఎక్కువ చాకిరీ చేసినవాడికి ఎక్కువ పన్ను పడటం న్యాయం కాదు, ఆ లాభం పద్ధతిని మాకూ వర్తింపజేయండి.

రీసైకిల్డ్ అనే లేబుల్ సంగతి కూడా చూడండి. రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్ అని ఒక ధ్రువీకరణ ఉంది, వస్తువులో 5 శాతం రీసైకిల్ సరుకు ఉన్నా దానికి అర్హత వస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలు తనిఖీలకు డబ్బు పెట్టి తెచ్చుకుంటాయి. నా సంచి మొత్తం పాత సరుకే, కానీ ఆ తనిఖీల ఖర్చు నా తాహతుకు మించింది కాబట్టి నాకు ఆ లేబుల్ లేదు. కొనేవాళ్లు లేబుల్ ఉన్నదాన్నే నమ్ముతారు, వాళ్ల తప్పేం లేదు. ఎంత శాతం పాత సరుకో అంకె పెద్దగా, కనిపించేలా రాయాలన్న ఒక్క నియమం పెట్టండి. మేం కూడా రాస్తాం, అబద్ధం రాస్తే శిక్ష వేయండి.

చివరగా మీ సొంత ఆఫీసుల విషయం. ప్రభుత్వ కార్యక్రమాలకు సంచులు, ఫైళ్లు, జ్ఞాపికలు కొనే టెండర్లలో “ఒకే రంగు, ఒకే డిజైన్, అన్నీ ఒకేలా” అని ఉంటే మేం ఆ గడప తొక్కలేం. కొలతలు రాయండి, ఎంత బరువు మోయాలో రాయండి, కుట్టు ఎంత గట్టిగా ఉండాలో రాయండి, రంగులు మాత్రం వేరుగా ఉండొచ్చని ఒక్క వాక్యం చేర్చండి. మీ సభ అయిపోయిన మర్నాడు స్తంభాల నుంచి విప్పే ఫ్లెక్సీలను మడతపెట్టి మాకు ఇప్పించండి, వాటితోనే మీ తర్వాతి సభకు సంచులు కుట్టి తెస్తాం.

కొత్త నిబంధనల ముసాయిదా రాసే కమిటీలో, కుట్టు మిషన్ ముందు కూర్చునేవాళ్లలో ఒకరినీ, చెత్త ఏరేవాళ్లలో ఒకరినీ పెట్టండి. ముసాయిదాను మామూలు తెలుగులో రాసి ముందే బయట పెట్టండి, చదివి జవాబు రాయడానికి కనీసం రెండు నెలల టైమ్ ఇవ్వండి. పిలిస్తే సామానుతో సహా వచ్చి చూపిస్తాం.

ఇట్లు,
పారేసిన సామానుతో చేతిపనులు చేసుకునే ఒక చిన్న వ్యాపారి