క్యారీ బక్ కథ చెబితే మొత్తం చెప్పాలి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో అబార్షన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆ పొద్దునే మా చర్చిలో పాస్టరు అయ్యగారి ప్రసంగం కూడా ఇంచుమించు అదే. అబార్షన్ యూజెనిక్స్ కడుపున పుట్టిందట. మేలురకం మనుషులే పుట్టాలన్న ఆ వాదాన్ని దేవుడంటే నమ్మకం లేనివాళ్లు తెచ్చారట, క్రైస్తవులు మొదటినుంచీ అడ్డం నిలబడ్డారట. నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. జర్మనీలో పుట్టిన ప్రొటెస్టెంట్ శాఖ లూథరన్ సంఘానికి చెందినదాన్ని. బిడ్డలో లోపం ఉందని కడుపు తీయించడం నాకూ మింగుడుపడదు. అయినా మన చరిత్రను ఇంత శుభ్రంగా కడిగి చూపించడం న్యాయం కాదు.

వ్యాసకర్త క్యారీ బక్ గురించి రాశారు. రాయాల్సిందే. అమెరికాలోని వర్జీనియాలో పెంపుడు ఇంట్లో పెరిగిన పిల్ల ఆమె. ఆ ఇంటివాళ్ల బంధువే చెరిచాడు. నేరం అతనిది, మందబుద్ధి అన్న ముద్ర మాత్రం ఆమెకు. అలాంటివాళ్లను పెట్టే ప్రభుత్వ సంస్థకు పంపేశారు. ఆమెకు బలవంతంగా కు.ని. ఆపరేషన్ చేయవచ్చా అన్న కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, 1927 మే 2న ఎనిమిది మంది జడ్జీలు చేయవచ్చన్నారు. మూడు తరాల మందబుద్ధులు చాలు అని జస్టిస్ హోమ్స్ తీర్పులో రాశాడు. క్యారీ తల్లి, క్యారీ, ఆ మూడో తరం అంటే క్యారీ కూతురు వివియన్. చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఆ పిల్లను లెక్కలో వేసేశారు. తర్వాత బడిలో మంచి మార్కులు తెచ్చుకుని ఆనర్స్ జాబితాకెక్కింది. ఎనిమిదేళ్లకే జబ్బు చేసి పోయింది. తీర్పుకు ఒప్పుకోని తొమ్మిదో జడ్జి పియర్స్ బట్లర్ క్యాథలిక్. ఎందుకు ఒప్పుకోలేదో ఒక్క వాక్యమూ రాయలేదు. వ్యాసం ఆయన్ను మెచ్చుకుని అక్కడ ఆగిపోయింది.

ఆ తీర్పుకు ముందు ఏడాదే అమెరికన్ యూజెనిక్స్ సొసైటీ పాస్టర్లకు ప్రసంగాల పోటీ పెట్టింది. మొదటి బహుమతి 500 డాలర్లు. కాగితం మీద రాసి పంపితే చాలదు, ఆ ప్రసంగం ముందు తమ సంఘంలో చెప్పి ఉండాలి. చెప్పినవాళ్లు ఉన్నారు. అంతకుముందు 1912లోనే షికాగోలో ఎపిస్కోపల్ అనే ప్రొటెస్టెంట్ శాఖ పెద్ద చర్చికి డీన్, అంటే ముఖ్య పాస్టరు, వాల్టర్ సమ్నర్, ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తెస్తేగాని పెళ్లి చేయనన్నాడు. అమెరికాలో క్యారీకి చేసినట్టు బలవంతపు ఆపరేషన్లు చేసింది 60,000 మందికి పైగానే. ఆ రాష్ట్రాల్లో చర్చిలు లేవా?

జర్మనీ సంగతి చెప్పడానికి లూథరన్‌గా నాకు సిగ్గుగా ఉంది. హిట్లర్ రాకముందే, 1931లో, అక్కడి ప్రొటెస్టెంట్ల సేవాసంస్థ ఇన్నర్ మిషన్ పెద్దలు ట్రైజా అనే ఊళ్లో కూడారు. వికలాంగులను చంపడం తప్పన్నారు, బాగానే ఉంది. కానీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం కొన్ని సందర్భాల్లో తప్పు లేదన్నారు. 1933లో నాజీలు చట్టం తెచ్చి సుమారు 4 లక్షల మందికి ఆ పని చేశారు. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్‌లో క్యాథలిక్ బిషప్ ఫాన్ గాలెన్ నాజీలు చేస్తున్న మానసిక రోగుల హత్యల గురించి గుళ్లో బాహాటంగా చెప్పాడు. గొప్ప ధైర్యం. అయ్యగారు ఆయన పేరు చెప్పారు, ట్రైజా పేరు చెప్పలేదు.

నాజీలు అబార్షన్‌ను అందరికీ తెరిచారని కొందరు అంటుంటారు, ఆ మాట కూడా సరికాదు. ఆరోగ్యంగా ఉన్న జర్మన్ ఆడమనిషికి అది నేరం, 1943లో మరణశిక్ష దాకా వెళ్లారు. వంశంలో జబ్బుందని తేల్చిన ఆమెకైతే 1935 నుంచి చేయవచ్చు. ఇక అమెరికాలో గర్భనిరోధక ఉద్యమం నడిపిన మార్గరెట్ సాంగర్ యూజెనిక్స్‌ను నమ్మిన మాట నిజమే. కానీ 1916లో ఆమె తెరిచిన క్లినిక్ కరపత్రంలో ప్రాణం తీయొద్దు, గర్భం రాకుండా చూసుకోండి అనే ఉంది. పిండానికి తీవ్రమైన లోపం ఉంటే అబార్షన్‌కు చట్టం ఒప్పుకోవాలని 1971లో తీర్మానించింది ఎవరో కాదు, అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు. (మన ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులది వేరే మిషన్, వాళ్ల మీద వేయకండి.)

మన దేశంలోనూ 2009లో చండీగఢ్ కేసు వచ్చింది. ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న అనాథ అమ్మాయి, కొంచెం బుద్ధిమాంద్యం ఉంది, అక్కడే అత్యాచారం జరిగి గర్భవతైంది. బిడ్డను కంటానని నిపుణుల ముందు చెప్పింది. అయినా హైకోర్టు అబార్షన్ చేయమంది. సుప్రీంకోర్టు ఆపింది, ఆమె ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదంది. వ్యాసకర్తకు బాగా పనికొచ్చే కేసు ఇది, ఎందుకు వదిలేశారో. క్యారీని ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయిని అడిగారు, చెప్పింది పక్కన పెట్టబోయారు.

ఇదంతా నాకెందుకంటే, మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. నలభై ఒక్క ఏళ్లు బతికాడు. వాడు పుట్టినప్పుడు ఎవరి పాపమోనని మా అమ్మ మొహం మీదే అన్నది డాక్టర్లు కాదు, మా సంఘంలోని పెద్ద. పుట్టుగుడ్డివాడి గురించి ఇది ఎవరి పాపమూ కాదని యేసు చెప్పిన యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఆయనకు కంఠతా వచ్చు. ఆదివారం పాటల నంబర్లు బోర్డు మీద పెట్టేది మా తమ్ముడే, చీటీ చూసి అంకెలు పోల్చుకుని ఒక్కటీ తప్పేవాడు కాదు. కానీ క్యాటెకిజం, అంటే ప్రశ్న జవాబుల మతపాఠం, అప్పజెప్పలేడని వాడికి కన్ఫర్మేషన్, అంటే సంఘంలో పూర్తి సభ్యుడిగా చేర్చుకోవడం, ఇవ్వలేదు. అది లేదు కాబట్టి ప్రభురాత్రి సంస్కారమూ, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసమూ, లేదు. అందరూ ముందుకు వెళ్తుంటే వాడు బోర్డు పక్కన నిలబడేవాడు. మా అమ్మ తన రొట్టె ముక్క సగం కొంగులో పట్టుకొచ్చి, గుడి బయట వేపచెట్టు కింద వాడి నోట్లో పెట్టేది. అయ్యగారు అటు తిరిగి చూసేవారు కాదు.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నరసరావుపేట