రక్షణ మంత్రి గారికి: బూట్లు విప్పని రంగ్రూట్ల గురించి ఓ మాజీ ఉస్తాద్ రాస్తున్నది

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను రిటైరైన హవల్దార్‌ని, మాది శ్రీకాకుళం జిల్లా. సర్వీసు చివర్లో ఒక ట్రైనింగ్ సెంటర్లో కొత్తగా చేరిన రంగ్రూట్లకి డ్రిల్ నేర్పే ఉస్తాద్‌గా చేశాను, ఆ సెంటర్ పేరు ఇక్కడ అనవసరం. అగ్నివీర్ రంగ్రూట్ల కష్టాల మీద ముందు కూడా అర్జీలు పెట్టుకున్నాను, "పరిశీలనలో ఉంది" అన్న మెసేజ్ తప్ప ఏమీ రాలేదు. అంత లోతుగా పరిశీలిస్తున్నారంటే సంతోషమే. కానీ 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలైన మొదటి బ్యాచ్‌కి నాలుగేళ్లు నిండేది 2026 ఆఖరుకి, మీ పరిశీలన కోసం క్యాలెండర్ ఆగదు కదా. అందుకే నలుగురిలో రాస్తున్నాను.

అగ్నిపథ్ పథకం, అంటే నాలుగేళ్లకి తీసుకుని ఆఖర్న నూటికి పాతిక మందినే ఉంచుకునేది, దాని గురించి మీకు నేను చెప్పేదేముంది, తెచ్చింది మీరే. నేను చెప్పేది బ్యారక్‌లో కనబడింది.

పాత రోజుల్లో రంగ్రూట్ల వేషాలు మాకు కొట్టిన పిండి. బీపీఈటీ అనే ఒంటి సత్తువ పరీక్ష రోజున కడుపునొప్పి, రూట్ మార్చ్ ముందురోజు కుంటడం, పొద్దున్నే డాక్టరు చూసే ఎంఐ రూమ్ ముందు లైను, డ్యూటీ లేకుండా విశ్రాంతి ఇచ్చే 'అటెండ్ సి' చీటీ దొరికితే ఆ రోజు పండగే. దొంగ జబ్బులు పట్టుకోవడంలో మేం ఆరితేరిపోయాం. అగ్నివీర్లొచ్చాక మొత్తం తిరగబడింది. ఇప్పుడు పట్టుకోవాల్సింది దొంగ ఆరోగ్యం, అది మాకెవరూ నేర్పలేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే నెత్తిమీద చన్నీళ్లు పోసుకుని వరసలో నిలబడే ఫాలిన్‌కి వచ్చేస్తారు. మందు ఇస్తామన్నా ఎంఐ రూమ్ గడప తొక్కరు.

మా వైపు కుర్రాడే ఒకడు. రాత్రి రోల్ కాల్ అయ్యాక రౌండుకెళ్తే దుప్పటి కిందనుంచి బూట్లు కనబడ్డాయి. "ఏటిరా ఈ బూట్లు?" అంటే "పొద్దున్న టైం కలిసొస్తాది ఉస్తాద్" అన్నాడు, నవ్వాడు కూడా. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి కూర్చోబెట్టి విప్పమంటే లేసు ఊడింది గానీ బూటు రాలేదు, బ్లేడుతో పక్కన కోసి తీయాల్సి వచ్చింది. పాదం నున్నగా ఉబ్బిపోయి ఉంది, మేజోడు గీతలు చర్మంలోకి దిగిపోయాయి. విప్పితే ఆ వాపుకి మళ్లీ బూటు ఎక్కదని వాడి భయం. పాదం ఎముకలో సన్నటి పగులు అన్నారు. మార్చ్ చేసీ చేసీ రంగ్రూట్లకి వచ్చేదే, ముందే చెబితే కొన్ని వారాల విశ్రాంతితో పోయేది, వీడు ఆ కాలితోనే వీపున పిట్టూ మూట వేసుకుని పరిగెత్తాడు. బండి ఎక్కిస్తుంటే నొప్పి గురించి ఒక్క మాట లేదు, "జూనియర్ బ్యాచ్‌కి దించేస్తారా ఉస్తాద్? ఆ ఇరవై ఐదు శాతంలో ఇంక నేనుండనా?" అని అదే పాట. వైకల్యం శాతాన్ని బట్టి 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు అని మీరు పట్టిక వేశారు. ఈ సన్నటి పగులు అందులో ఎక్కడ పడుతుందో మీరే చెప్పాలి.

ఇంకొకటి సార్, ఇది నాకు మరీ మింగుడుపడనిది. ఒకప్పుడు ఒకడి తప్పుకి ప్లాటూన్ మొత్తం ఫ్రంట్ రోల్స్ కొట్టేది, ఎవడ్రా చేసిందని ఎంత గట్టిగా అరిచినా ఒక్కడు నోరు మెదిపేవాడు కాదు, పైకి కోప్పడినా లోపల మాకు అదే కావాలి. ఇప్పుడు అడక్కుండానే వచ్చి చెవిలో చెబుతున్నారు. ఒకడైతే ఇన్‌స్పెక్షన్‌కి ముందు సొంత బడ్డీ టోపీ బ్యాడ్జి ఊడదీసి ట్రంకు పెట్టె వెనక పడేశాడు. పక్కమంచం వాడు, లంగర్‌లో రోజూ పక్కన కూర్చుని తినేవాడు! నలుగురిలో ఒక్కడే మిగులుతాడని చెప్పి పంపించాక మిగతా ముగ్గురూ వాడికి ఏమవుతారు సార్? రేపు ఇదే జంటని సియాచిన్‌లో ఒకే తాడుకి కడతారు.

రాత్రిళ్లు దుప్పటి కింద టార్చి పెట్టుకుని ఎస్ఎస్‌సీ జీడీ (కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష) గైడ్లు చదివేవాళ్లూ ఉన్నారు. ఫౌజ్‌లోకి వచ్చి వారాలు కాలేదు, అప్పుడే బయటి ఉద్యోగానికి తయారీ. ఏమని తిడతాం? మొదటి ఏడాది 30 వేలలో 9 వేలు కోసి చేతికి 21 వేలు ఇస్తున్నారు, నాలుగేళ్లయ్యాక ఆ కోతకి మీ వాటా కలిపి వడ్డీతో 11.71 లక్షలు ఇచ్చి దండం పెడతారు, పెన్షన్ మాట లేదు. కేంద్ర బలగాల్లో మాజీ అగ్నివీర్లకి 10 శాతం కోటా అని 2022లోనే చెప్పారు సరే, ఆ పరీక్షకి చదవాల్సింది వీడే కదా. సైన్యం సగటు వయసు నాలుగైదేళ్లు తగ్గుతుందన్నారు. తగ్గుతుంది సార్, కాదనను. పంతొమ్మిదేళ్లవాడికి నలభై ఏళ్లవాడి టెన్షన్ పట్టుకుంది, దాని సగటు కూడా ఎవరైనా తీస్తే బాగుండు.

దయచేసి ఎంఐ రూమ్‌కి వెళ్లిన చీటీ నాలుగేళ్ల తర్వాత ఎవడి మీదా లెక్కకి రాదని కాగితం మీద రాసివ్వండి. నూటికి ఉంచే పాతిక మందిని దేన్ని బట్టి ఉంచుతారో, దేనికి ఎన్ని మార్కులో వాళ్లకి అర్థమయ్యే భాషలో బ్యారక్ గోడకి అంటించండి, ఎందుకంటే తెలియనప్పుడు ప్రతిదీ మార్కే అనుకుంటున్నారు, దగ్గు కూడా. ఆ పాతికని పెంచితే ఇంకా మంచిది. పెంచండి సార్. సగమైనా చేయండి. కుదించిన ట్రైనింగ్ సంగతి కూడా చూడండి, దాని మీద మళ్లీ ఇంకో ఉత్తరం రాయించకండి.

ఈసారి జవాబు హిందీలో పంపినా ఫర్వాలేదు, చదువుకుంటాను. "పరిశీలనలో ఉంది" అని మాత్రం పంపొద్దు, అది ఇప్పటికే నా దగ్గరుంది.

ఇట్లు,
ఓ మాజీ డ్రిల్ ఉస్తాద్