శీనుకి, టీవీ వెనక గోడ గురించి

రాజమండ్రి

ఒరేయ్ శీనూ,

హాల్లో టీవీ వెనక గోడకి టెక్స్చర్ (అదే, ఎత్తుపల్లాల గీతల డిజైను) వేయడానికి కాంట్రాక్టర్ చెప్పిన రేటు విని గుండె గుభేలుమందని రాశావు. ఒక్క గోడకి అంత అక్కర్లేదురా. మా పడగ్గదిలో ఒక గోడ నేనూ మీ చెల్లెమ్మా కలిసి చేసుకున్నాం, అందుకే ధైర్యంగా చెబుతున్నా. డబ్బూ ఓపికా పెట్టాల్సింది టెక్స్చర్ మీద కాదు, దాని కింద ఉన్న గోడ మీద. అది సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన రంగైనా పెచ్చులుగా ఊడొస్తుంది.

ముందు ఒక పని చెయ్. రాత్రి లైట్లన్నీ ఆపేసి, ఫోన్ టార్చి ఆ గోడకి ఆనించి పక్కవాటుగా వెలిగించి చూడు. ప్రతి ఎత్తూ పల్లమూ తేలిపోతుంది. టెక్స్చర్ అందమంతా అలా పక్కనుంచి పడే వెలుతురులోనే ఉంది. కిటికీకి ఎదురుగోడ మీద ఎంత కష్టపడినా చదునుగానే కనిపిస్తుంది. మీ టీవీ గోడ బాల్కనీ తలుపు పక్కనే కాబట్టి బాగా కుదురుతుంది.

నాకున్న టెన్షనల్లా చెమ్మ గురించే, అవతల బాత్రూం ఉందన్నావుగా. మూరెడు ప్లాస్టిక్ షీటు నాలుగువైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించి రెండు రోజులు వదిలెయ్. షీటుకీ గోడకీ మధ్య నీటిబొట్లు కనిపిస్తే రంగు సంగతి మర్చిపోయి ముందు ప్లంబర్ని పిలువు.

పొడిగా ఉంటే గీకుడు మొదలుపెట్టొచ్చు. పాత సున్నం, డిస్టెంపర్ మీద లప్పం, అంటే పుట్టీ, నిలవదు, మొత్తం తీసెయ్యాలి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో తొంభై) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. మీది పాత అపార్ట్‌మెంట్. ఎక్కడైనా పాత ఆయిల్ పెయింటు తగిలితే పొడిగా గీకొద్దు, ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. తడిపి గీకు, మాస్కు పెట్టుకో, బుజ్జిగాణ్ణి ఆ రెండు రోజులూ వాళ్ళ అమ్మమ్మగారింటికి పంపు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ఇక అసలు సరదా. రెడీమేడ్ టెక్స్చర్ బకెట్ కొనకు. మామూలు తెల్ల సిమెంటు పుట్టీ చాలు, వంద చదరపు అడుగుల గోడకి ఇరవై కిలోల సంచి దాదాపు సరిపోతుంది. కలిపింది రెండు గంటల్లో అవగొట్టాలి, కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకో. గ్లౌజులు తప్పనిసరి, సిమెంటు చేతుల్ని తినేస్తుంది. మొదటి చేయి పలుచగా లాగి ఆరనివ్వు. రెండో చేయి రూపాయి బిళ్ళ మందాన పట్టించు, అంతకు మించితే పగుళ్లిస్తుంది. ఒకరు పుట్టీ పట్టిస్తుంటే ఇంకొకరు వెనకాలే గీతలు లాగాలి, ఆలస్యమైతే బిగుసుకుపోతుంది.

గీతలకి కొత్త కొబ్బరి ఈనెల చీపురు తెచ్చి, బిగించి కట్టి, చివర్లు సమానంగా కత్తిరించు. పైనుంచి కిందికి ఒకే ఊపులో లాగాలి. చెయ్యి మధ్యలో ఆగితే అక్కడ గుబ్బ తేలుతుంది. లాగిన ప్రతిసారీ ఈనెలు తడిగుడ్డతో తుడువు. మీ చెల్లెమ్మ మాత్రం నిలువు గీతలు కాకుండా మణికట్టు తిప్పుతూ అర్ధచంద్రాలు గీసింది. మా నాయనమ్మ పేడతో గోడ అలికినప్పుడు వేళ్ళు పడ్డ ఆనవాళ్ళలాగే వచ్చాయిరా! నాకు ఏ షోరూం డిజైన్ కన్నా అదే నచ్చింది. చీపురు వద్దనుకుంటే, నలిపిన పాలిథీన్ కవరు పచ్చి పుట్టీ మీద అద్ది తీసినా ముడతలు ముడతలుగా బాగుంటుంది. ఏదైనా ముందు ఓ ప్లైవుడ్ ముక్క మీద చెయ్యి తిప్పుకో.

పూర్తిగా ఆరాక మొనలు సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది, దుమ్ము దులిపి, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వెయ్. తర్వాత ముదురు షేడ్ ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ రంగు) బ్రష్‌తో గాడుల్లోకి దిగేలా రెండు కోట్లు. అది ఆరాక షేడ్ కార్డులో రెండు మెట్లు లేత రంగు తీసుకో. రోలర్‌ని అందులో ముంచి, పాత పేపర్ మీద దొర్లించి ఎక్కువైన తడి పోగొట్టి, నొక్కకుండా గోడ మీద పైపైన పోనివ్వు. మొనలకే లేత రంగు అంటుతుంది, గాడుల్లో ముదురు అలాగే ఉండిపోతుంది. అప్పటిదాకా మామూలుగా ఉన్న గోడ కళ్ళముందే లేచొస్తుంది. ముదురుది రెండు లీటర్లు, లేతది లీటరు తెచ్చుకో, లేతది ఇంకా మిగులుతుంది.

అలాగని నాలుగు గోడలకీ పెట్టకు. గాడుల్లో దుమ్ము చేరుతుంది, వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దులుపుకోవాలి. పైగా రేపు మొహం మొత్తితే మళ్ళీ లప్పంతో పూడ్చాలి.

వానలు తగ్గాక, సంక్రాంతికి ముందు పెట్టుకుంటే గాలి పొడిగా ఉండి త్వరగా ఆరుతుంది. కనుమ వెళ్ళాక కాదు, ఆ ముందు ఆదివారమే నేను హైదరాబాద్ వస్తా, గీతలు లాగడానికి రెండో మనిషిని నేనే. ప్లాస్టిక్ షీటు కింద ఏం కనిపించిందో వెంటనే ఫోన్ చేసి చెప్పు.

నీ
రాంబాబు