బావా, మీ ఇంటి వైఫై సంగతి

ఒరే బావా,

నీ మెసేజూ, ఆ ఫొటోలూ చూశాను. కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నావు, సంతోషం. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొడదామనుకున్నా గానీ ఇది అట్టా తేలే యవ్వారం కాదు, అందుకే ఉత్తరంలాగా రాస్తున్నా. తీరిగ్గా చదువు, చదివాక రూటర్ పాస్‌వర్డ్‌లూ సెట్టింగ్సూ మార్చే పని మాత్రం ఈ వారంలోనే పూర్తి చెయ్యి.

ముందు పై వాటాలో అద్దెకున్న పిల్లల సంగతి. రూటర్‌కి, అంటే ఆ వైఫై డబ్బాకి, కలిసి ఉన్నవాటి లిస్టులో ఎవరివో తెలియని ఫోన్లు కనిపిస్తున్నాయని వాళ్ల మీద అనుమానం పడ్డావు చూడు, ఆ అనుమానం కాసేపు పక్కన పెట్టు. ప్రతి ఫోనుకూ మ్యాక్ అడ్రస్ అని ఒకటి ఉంటుంది, పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు నంబరు చెప్పకుండా ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి నంబరు చెప్తున్నాయి. మనల్ని ఎవరూ వెంటాడకుండా అట్టా చేశారు, మంచిదే. కానీ దానివల్ల రూటర్ లిస్టులో సొంత ఫోనే పరాయి ఫోనులాగా కనిపిస్తుంది. కాబట్టి ఆ లిస్టు తెరిచి పెట్టుకుని, ఇంట్లో ఒక్కో ఫోనుకీ, టీవీకీ, కెమెరాకీ వరసగా వైఫై ఆపి చూడు. ఏది ఆపితే ఏ లైను పోతుందో రాసుకో. అన్నీ ఆపాక కూడా మిగిలినవే పరాయివి. అవి తేలేదాకా ఆ పిల్లల్ని ఒక్క మాట కూడా అనొద్దు, ఒకసారి అనేశాక మళ్లీ మొహం చూసుకోవడం కష్టం.

అయితే పరాయివాళ్లు ఉండే అవకాశం గట్టిగానే ఉందిలే. ఎందుకంటే కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి పాస్‌వర్డ్‌గా మామ ఫోన్ నంబరు పెట్టి వెళ్లాడని నువ్వే రాశావు. మన ఊళ్లలో పది ఇళ్లు చూస్తే సగం ఇళ్లలో ఇదే. మామ నంబరు ఎరువుల కొట్టు బోర్డు మీదే ఉంది కదరా! అది తెలియని వాడికి కూడా పెద్ద కష్టమేమీ కాదు. మన మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది, తర్వాత తొమ్మిది అంకెలు, మొత్తం కలిపి 400 కోట్ల నంబర్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఫోను రూటర్‌కి కలిసేటప్పుడు రెండూ గాల్లో ఒక పలకరింపు మార్చుకుంటాయి. వీధిలో నిలబడ్డవాడు దాన్ని పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, కంప్యూటర్‌లో ఒక్కో నంబరూ పెట్టి సరిపోతుందా అని చూసుకోవచ్చు. మీ రూటర్‌కి ఆ సంగతే తెలియదు. సెకనుకు 10 లక్షల నంబర్లు చూడగల గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆ 400 కోట్లూ గంట పైచిలుకులో అయిపోతాయి. గేమ్స్ ఆడే పిల్లల దగ్గర అంత పని చేసే కార్డులు ఉంటున్నాయి ఇప్పుడు.

"పోనీలే, నెట్టే కదా వాడుకుంటారు" అన్నావు. అక్కడే నాకు కోపం వచ్చింది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. పంపింది అతను కాదు, అతని నెట్ వాడుకున్నవాళ్లు. అయినా పోలీసులు ముందు తట్టింది అతని తలుపే, అతనికి సంబంధం లేదని తర్వాత తేలింది. మీ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది? మామ పేరు మీద. ఆ వయసులో ఆయన స్టేషన్‌లో కూర్చుని "నాకేం తెలియదు నాయనా" అని చెప్పుకోవడం ఊహించుకో. అందుకే ఇంత పట్టు పడుతున్నా.

సరే, పని మొదలుపెడదాం. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి వైఫై మీదే ఉండు. వీలైతే లాప్‌టాప్‌ని ల్యాన్ వైరుతో కలిపి చెయ్యి, మధ్యలో పాస్‌వర్డ్ మారినా కనెక్షన్ తెగదు. బ్రౌజర్ పైన అడ్రస్ కొట్టే చోట 192.168.1.1 కొట్టు, గూగుల్ వెతికే డబ్బాలో కాదు. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది, రూటర్ డబ్బా కింద స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. "నాట్ సెక్యూర్" అని బ్రౌజర్ బెదిరిస్తే కంగారు పడొద్దు, నువ్వు మాట్లాడేది మీ ఇంట్లో డబ్బాతోనే. లోపలికి వెళ్లగానే ఏదీ మార్చకుండా వ్యాన్ పేజీ, పీపీపీఓఈ, వీల్యాన్ నంబర్లు ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టుకో. అవి మీ ఇంటికి నెట్ రావడానికి కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టిన సెట్టింగ్స్, వాటి జోలికి పోవద్దు. వెనకాల ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ కూడా చెయ్యొద్దు, అవన్నీ చెరిగిపోతే నెట్ పోయి ఆ అబ్బాయి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

అన్నిటికంటే ముందు మార్చాల్సింది వైఫై పాస్‌వర్డ్ కాదు బావా, ఈ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లే పాస్‌వర్డ్. రెండూ వేరు. యూజర్ నేమూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే అని వదిలేస్తే, మీ వైఫైలోకి వచ్చిన ఎవడైనా మొత్తం డబ్బానే తన చేతిలోకి తీసుకుంటాడు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇట్టాంటి అరవై చిల్లర పాత పాస్‌వర్డ్‌లు మాత్రమే పట్టుకుని ప్రపంచమంతా లక్షల కెమెరాలనీ రూటర్లనీ లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. మీ గేటు దగ్గర పెట్టించిన కెమెరా పాస్‌వర్డ్ కూడా అదే రోజు మార్చు. అక్కడే రిమోట్ మేనేజ్‌మెంట్ అని, బయటి నుంచి రూటర్ సెట్టింగ్స్ మార్చనిచ్చేది, ఉంటే ఆపెయ్. ఇంట్లో పరికరాలు అడగ్గానే బయటికి దారి తెరిచే యూపీఎన్‌పీ కూడా ఆపెయ్, కెమెరా ఫోన్‌లో కనిపించడం మానేస్తే అప్పుడు చూద్దాం.

ఇక వైర్‌లెస్ పేజీ. వైఫై వాడే రెండు రేడియో బ్యాండ్లు, 2.4 గిగాహెర్ట్జ్‌కీ 5 గిగాహెర్ట్జ్‌కీ, మీ డబ్బాలో వేరువేరు పేజీలు ఉన్నాయి, నీ ఫొటోలో చూశాను. చాలామంది ఒకటి మార్చి రెండోది మర్చిపోతారు, పాత పాస్‌వర్డ్ తెలిసినవాడు హాయిగా ఆ రెండోదాంట్లోంచి వస్తూనే ఉంటాడు. రెండూ మార్చు. వైఫై పేరు దగ్గర మామ పేరూ, డోర్ నంబరూ పెట్టొద్దు, డబ్బాతో వచ్చిన పేరూ ఉంచొద్దు. ఎందుకంటే ఆ పేరు కూడా తాళం లెక్కలో కలుస్తుంది, అందరికీ ఉండే పేర్లకి దొంగలు ముందే లెక్కలు కట్టి పెట్టుకుంటారు.

సెక్యూరిటీ అన్న చోట వైఫైకి తాళం వేసే పద్ధతులు ఉంటాయి, వాటిలో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఎంచుకో. డబ్ల్యూపీఏ3 కూడా కనిపిస్తే రెండూ కలిసిన ఆప్షన్ పెట్టు. 2018లో వచ్చిన ఈ మూడోదానికి మారిన ఫోన్లకి, పలకరింపు పట్టుకుపోయి ఇంట్లో కూర్చుని ఊహించడం కుదరదు. మీ టీవీ, అత్త వాడే పాత ఫోను దానికి ఒప్పుకోకపోవచ్చు, అందుకే మొత్తంగా మూడోదే పెట్టమనడం లేదు. వాళ్ల కోసమైనా పాస్‌వర్డ్ గట్టిగానే ఉండాలి. డబ్ల్యూఈపీ, టీకేఐపీ అని ఉన్న పాత పద్ధతులు ముట్టుకోవద్దు, మొదటిది 2001లోనే పగిలిపోయింది.

పాస్‌వర్డ్ 8 అక్షరాల నుంచి 63 దాకా పెట్టుకోవచ్చు. నా సలహా, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్న బడిలోవే (స్మాల్ లెటర్స్), వరసగా కొట్టు. గోంగూర తర్వాత నిచ్చెన, తర్వాత పున్నమి, తర్వాత దువ్వెన, ఇట్టా. ఇవే పెట్టకు మళ్లీ, నీవి నువ్వు ఏరుకో. పెద్ద బడి, చిన్న బడి, డాలర్ గుర్తులు కలిపి పెడితే టీవీ రిమోట్‌తో కొట్టలేక చెల్లెమ్మ రెండో రోజే దాన్ని తీసేయమంటుంది. పొడుగ్గా ఉంటే చాలు, వంకర టింకరగా ఉండక్కర్లేదు.

డబ్ల్యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది, పాస్‌వర్డ్ కొట్టకుండా కలవడానికి. దాన్ని తప్పకుండా ఆపు. దానికి 8 అంకెల పిన్ను ఉంటుంది, పది కోట్ల పిన్నులు అన్నమాట. కానీ ఆఖరి అంకె ముందు ఏడింటి లెక్కే, పైగా రూటర్ మొదటి నాలుగు సరిపోయాయా లేదా అని విడిగా చెప్పేస్తుంది. అంటే ముందు సగానికి 10,000, తర్వాతి సగానికి 1,000, మొత్తం 11,000 సార్లు ప్రయత్నిస్తే చాలు. 2011లోనే ఇది బయటపడింది. నువ్వు ఎంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టినా ఈ పెరటి తలుపు తెరిచి ఉంటే లాభం లేదు.

మీ తమ్ముడు చెప్పాడన్నావే, వైఫై పేరు దాచెయ్యమనీ, ఫలానా మ్యాక్ నంబర్లనే లోపలికి రానిచ్చే మ్యాక్ ఫిల్టర్ పెట్టమనీ. ఆ రెండిటికీ టైం తగలేయకు. దాచిన పేరుని పట్టే యాప్‌లు ఊరికే దొరుకుతాయి, పైగా నీ ఫోను ఎక్కడికి పోయినా ఆ పేరు పిలుస్తూ తిరుగుతుంది. మ్యాక్ నంబరేమో ఎవరిదైనా కాపీ కొట్టుకోవచ్చు. ఒక్కదానికి మాత్రం ఆ నంబరు పనికొస్తుంది. పాప ట్యాబ్‌కి రాత్రి తొమ్మిది తర్వాత నెట్ రాకుండా పేరెంటల్ కంట్రోల్‌లో టైం పెట్టాలంటే, ముందు ఆ ట్యాబ్‌లో మీ వైఫై వివరాల్లోకి వెళ్లి ప్రైవసీ దగ్గర రాండమ్ బదులు డివైస్ మ్యాక్ ఎంచుకో. లేకపోతే వైఫై మర్చిపొమ్మని మళ్లీ కలిపిన రోజున అది కొత్త నంబరుతో వచ్చి రూల్ తప్పించుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఇంత చేశాక సంక్రాంతికి చుట్టాలు దిగుతారు, చెప్పులు విప్పకముందే "వైఫై పాస్‌వర్డ్ ఏంది" అంటారు. నువ్వు మొహమాటస్తుడివి, ఇచ్చేస్తావు. వాళ్ల ఫోన్‌లోంచి ఇంకొకరికి క్యూఆర్ కోడ్ పోతుంది, ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, చదవడానికి ఏ తెలివీ అక్కర్లేదు. మా ఇంట్లోనూ ఇంతే, రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా చూడ్డానికి వచ్చేవాళ్లంతా నెల్లూరులో మా దగ్గరే దిగుతారు. కాదనలేం, అనకూడదు కూడా. దానికే గెస్ట్ నెట్‌వర్క్ ఉంది. వేరే పేరు, వేరే తేలిక పాస్‌వర్డ్, ఐసొలేషన్ అన్న చోట టిక్కు పెట్టావంటే అక్కడున్న ఫోన్లకి నెట్ తప్ప మీ కెమెరా, టీవీ, లాప్‌టాప్ కనపడవు. పండగ అయ్యాక ఆపేసుకో లేదా పాస్‌వర్డ్ మార్చుకో, మీ ఇంట్లో ఫోన్లు వేటికీ మళ్లీ కొట్టే పని ఉండదు. పై వాటా పిల్లలకి నెట్ ఇవ్వాలనిపిస్తే అదే ఇవ్వు, స్పీడుకి హద్దు పెట్టే ఆప్షన్ ఉంటే పెట్టి మరీ ఇవ్వు. కాకపోతే ఎవరు ఏం చేసినా బయటికి కనిపించేది మామ కనెక్షనే కాబట్టి, వాళ్లెవరో తెలిసినవాళ్లకే ఇవ్వు.

పాస్‌వర్డ్ మార్చగానే కెమెరా, టీవీ అన్నీ ఒక్కసారి తెగిపోతాయి, మళ్లీ ఒక్కోటీ కలుపుకోవాలి, అందుకే ఆదివారం మధ్యాహ్నం పెట్టుకో, సాయంత్రం సీరియల్ టైంకి అత్తకి టీవీ అందాలి. కెమెరా 5లో కనపడకపోతే టెన్షన్ పడకు, చాలా కెమెరాలకి 2.4 ఒక్కటే పట్టుకోవడం వచ్చు.

డబ్బా మోడల్ ఫొటో కూడా ఒకటి పంపు, ఏ మెనూలో ఏముందో నేను చూసి చెప్తా. స్టిక్కర్ మీద పాస్‌వర్డ్ ఉన్న చోట వేలు అడ్డం పెట్టి తియ్యి. మామనీ అత్తనీ అడిగానని చెప్పు.

నీ బావ
వేదాయపాళెం, నెల్లూరు