ఆదివారం కావలిలో కలుద్దాం: కంప్యూటర్‌తో ఇంగ్లీషు ఉచ్చారణ

ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కావలిలో మా బడి కంప్యూటర్ గదికి రండి. 1 గంటకు భోజనం. ఒంగోలు, సింగరాయకొండ, నెల్లూరు నుంచి వచ్చేవారికి రైలే సులువు.

ఈసారి ఒకటే పని: గొంతు రికార్డు చేసి తెరమీద గీతగా చూపించే ‘ఆడాసిటీ’ అనే సాఫ్ట్‌వేర్‌తో పిల్లల ఉచ్చారణ సరిదిద్దడం. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది, రికార్డు చేయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, అందుకే పిల్లలు ‘బుక్’ను ‘బుక్కు’ అంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ తేడా చెవికి అందదు. మొన్న మా తొమ్మిదో తరగతి అమ్మాయి తన గొంతును తెరమీద చూసుకుంది. గీత చివర మరో చిన్న ఉబ్బు. “సార్, నేను కలిపే ‘ఉ’ ఇదేనా?” అని వేలు పెట్టి చూపించింది. నాలుగోసారికి ఆ ఉబ్బు లేదు! ఈ మధ్య పాఠం చెబుతూ నేను అంత సంతోషపడింది లేదు.

‘వి’, ‘డబ్ల్యూ’ శబ్దాల తేడాకు మాత్రం అద్దమే మేలు. మొదటిదానికి పైపళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా రావాలి. చేతి అద్దాలు నేను తెస్తాను.

మీరు తేవలసినవి: మైకు ఉన్న హెడ్‌ఫోన్, నిండా ఛార్జి చేసిన ల్యాప్‌టాప్, మీ పిల్లలు తడబడే 5 మాటలు. ఆడాసిటీ ఇంట్లోనే ఎక్కించుకుని రండి.

శుక్రవారం సాయంత్రంలోగా ‘వస్తాను’ అని ఇక్కడ రాయండి, భోజనాల లెక్క చెప్పాలి.

మరువద్దు: తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల గొంతు రికార్డు చేయకండి, ఈ గ్రూప్‌లో అసలే పెట్టకండి.