కొండల సినిమాలకు డబ్బెందుకని అడిగావు కదా బాపూ

యాష్‌బర్న్, వర్జీనియా

బాపూ,

మేమంతా బాగున్నాం. అమ్మ మోకాలికి డాక్టర్ చెప్పిన ఎక్సర్‌సైజులు రోజూ చేస్తోందా? నేనడిగితే "ఆ, చేస్తున్న" అని మాట మార్చేస్తోంది. నువ్వే కొంచెం చూసుకో.

మొన్న ఫోన్‌లో "సినిమావాళ్లకు నెలనెలా పైసలు పంపుడేంది బిడ్డా, వాళ్లకేం తక్కువ?" అన్నావు. అది రెండు ముక్కల్లో తేలే మాట కాదు, అందుకే ఈ ఉత్తరం.

నేను పంపేది హీరోల సినిమాలకు కాదు బాపూ. కొండలెక్కడం, అడవి, జంతువులు, నదుల్లో పడవ ప్రయాణం, వందల మైళ్ల నడక, ఇలాంటి వాటి మీద తీసే చిన్న డాక్యుమెంటరీలకు. ఇక్కడ వాటిని ఇష్టంగా చూస్తారు. కెనడాలో బాన్ఫ్ అనే కొండ ఊళ్లో 1976 నుంచి, కొలరాడోలోని టెల్యూరైడ్‌లో 1979 నుంచి వాటికోసమే ఫెస్టివల్స్ జరుగుతున్నాయి. బాన్ఫ్‌లో వేసిన సినిమాలు తర్వాత దేశదేశాలు తిరుగుతాయి, మా వైపూ వస్తాయి. మేం టికెట్ కొనుక్కుని వెళ్తాం. కొన్నేళ్లు చూశాక నాకు అర్థమైందేమంటే, తెర మీద కొండ ఎక్కేదీ తెల్ల మగవాళ్లే, దాన్ని తీసేదీ ఎక్కువగా వాళ్లే. ఇప్పుడిప్పుడు నల్లజాతి అమ్మాయిలు, ఇక్కడి ఆదివాసీ అమ్మాయిలు, మనలాంటి ఆసియా వాళ్లు తెర మీదికి వస్తున్నారు. కెమెరా వెనక మాత్రం ఇంకా చాలా తక్కువ. ఆ వెనక్కి రావాలనుకునే ఆడవాళ్లకే నా డబ్బు.

2021 చలికాలంలో ఎమిలీ ఫోర్డ్ అనే నల్లజాతి యువతి విస్కాన్సిన్‌లో ఐస్ ఏజ్ ట్రెయిల్ అనే దారి మొత్తం నడిచింది. దాదాపు 1,200 మైళ్లు, మంచులో, ఒక కుక్కను తోడు పెట్టుకుని. చలికాలంలో ఆ దారి పూర్తి చేసిన మొదటి మహిళ ఆమే. ఆమె మీద చక్కటి సినిమా వచ్చింది, దాన్ని తీసింది మాత్రం ఒక మగ దర్శకుడు. అలాంటి సినిమాలు రాకూడదని నేననను. వస్తేనే కదా నేనూ చూసింది.

మన నిజామాబాద్ జిల్లా సంగతే తీసుకో. 2014 మే 25న, తెలంగాణ రావడానికి వారం ముందు, పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. ఆ వార్త వచ్చిన రోజు ఫోన్‌లో నీ గొంతు ఎలా ఉందో నాకింకా గుర్తే. 2017లో ఆమె కథను రాహుల్ బోస్ హిందీలో సినిమాగా తీశాడు. అందువల్ల దేశమంతా ఆమె పేరు విన్నది, సంతోషమే. కానీ అదే కథను తండాలో పుట్టిన ఒక అమ్మాయి తీస్తే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ తల్లి ఇంట్లో ఏ భాషలో మాట్లాడుతుందో, కొండకు పోతానన్న పిల్లతో ఏమంటుందో, ఆ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఖర్చు సంగతి. ఊళ్లో పెళ్లి వీడియో తీసినట్టు ఉండదు ఇది. కొండ మీద మనిషిని తీయాలంటే తీసేవాళ్లూ తాడు మీద వేలాడాలి, వాళ్ల తాళ్లు చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఇన్సూరెన్స్, సిగ్నల్ లేని చోట శాటిలైట్ ఫోన్, కెమెరాల అద్దె, వానొస్తే ఊరికే పోయే రోజులు, తర్వాత నెలల తరబడి ఎడిటింగ్. అంతా అయ్యాక ఫెస్టివల్‌కు పంపాలన్నా చాలాచోట్ల ఎంట్రీ ఫీజు కట్టాలి. డబ్బు పెట్టేది ఎక్కువగా బూట్లు, టెంట్లు, జాకెట్లు అమ్మే కంపెనీలు. తమకు ముందే తెలిసిన దర్శకులకే వాళ్లు ఇస్తారు. ఆ పరిచయాలు చిన్నప్పటి నుంచి సెలవుల్లో కలిసి కొండలెక్కిన స్నేహాల్లోంచి వస్తాయి. ఆ సెలవులు, ఆ కొండలు అందరికీ దక్కలేదు.

ఎందుకు దక్కలేదో మా ఇంటికి కాస్త దూరంలోనే కనిపిస్తుంది. వారాంతాల్లో మనవాళ్లంతా పులిహోర డబ్బాలతో వెళ్లే షెనాండోవా నేషనల్ పార్క్‌లో లూయిస్ మౌంటెన్ అని ఒక క్యాంప్‌గ్రౌండ్ ఉంది. 1939లో దాన్ని నల్లవాళ్లకు మాత్రమే అని వేరుగా కట్టారు. మన ఊళ్లలో వేరే బావులు ఉండేవని నువ్వు చెప్పేవాడివే, అలాంటిదే. 1950 నాటికి గానీ ఆ వేర్పాటు పూర్తిగా పోలేదు. ఇవాళ అక్కడ ఎవరైనా టెంట్ వేసుకోవచ్చు. అయినా తాతకు దక్కని అడవి మనవరాలికి ఒక్కసారిగా సొంత చోటు అయిపోదు కదా. అందుకే 2009లో రూ మాప్ అనే ఆవిడ నల్లజాతి వాళ్లను మళ్లీ అడవుల్లోకి తీసుకెళ్లడానికే ఔట్‌డోర్ ఆఫ్రో అనే సంస్థ పెట్టింది.

దారి దొరికితే ఈ ఆడవాళ్లు ఏం చేయగలరో చూశాం. తాడు లేకుండా ఎల్ కాపిటన్ బండ ఎక్కినతని సినిమా "ఫ్రీ సోలో"ను నీకు చూపించాను, గుర్తుందా? అమ్మ కళ్లు మూసుకుంది. 2019లో ఆస్కార్ వచ్చిన ఆ సినిమాకు దర్శకులు ఇద్దరు. అందులో ఒకరు ఎలిజబెత్ చాయ్ వసర్‌హెయ్, తల్లి వైపు చైనా మూలాలున్న ఆవిడ. 2023లో "నాటు నాటు"కు ఆస్కార్ వచ్చినప్పుడు మన వీధంతా చిందులేసిందన్నావు. అదే వేదిక మీద ఊటీకి చెందిన కార్తికి గోన్సాల్వెస్ తన మొదటి సినిమాకే ఆస్కార్ అందుకుంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో ఏనుగు పిల్లలను పెంచే బొమ్మన్, బెల్లి దంపతుల కథ అది. అయిదేళ్లు వాళ్లతో తిరిగి తీసింది. నిర్మాత గునీత్ మోంగా మాట్లాడబోతుంటే సంగీతం మొదలుపెట్టి దించేశారు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

పైసలు ఎటు పోతాయో కూడా చెప్తాను, నువ్వు లెక్కల సారువు కదా. సినిమా తీసే అమ్మాయికి నేరుగా ఇస్తే పన్ను రాయితీ రాదు. ఒక సేవాసంస్థ ఆమె సినిమాను తన కిందికి తీసుకుంటే, మేం సంస్థకు ఇస్తాం, అది కొంత శాతం ఉంచుకుని మిగతాది ఆమెకు ఇస్తుంది. నేనిచ్చినంత మా ఆఫీసూ కలుపుతుంది. నెలకు 25 డాలర్లు అక్కడ 50 అవుతాయి. ఇంటి ఖర్చుకు ఏ లోటూ లేదు, టెన్షన్ పడకు.

ఇప్పుడు అసలు సంగతి. అక్క బిడ్డ పోయిన వేసవిలో తునికాకు కోతకు పోయే ఆడవాళ్ల వెంట తిరిగి ఫోన్‌తో తీసిన వీడియో నాకు పంపింది. తెల్లారకముందే అడవికి బయలుదేరడం, వంగి వంగి ఆకు కోయడం, మధ్యాహ్నం నీడలో కూర్చుని కట్టలు కట్టడం. ఇక్కడి సినిమాల్లో అడవికి పోవడమంటే సెలవు. ఆ వీడియోలో ఆడవాళ్లకు అడవి అంటే కూలి, భయం, పాట, అన్నీ. అందులో ఒక ముసలావిడ చెట్టు చెట్టునూ పేరు పెట్టి పిలుస్తుంది. అలాంటిది బయటివాళ్లు వారం ఉండి తీయలేరు.

అక్కేమో "డిగ్రీ చదివి అడవులు పట్టుకు తిరుగుతదా, రేపు సంబంధాలు ఎట్లొస్తయ్" అని గొడవ. నా మాట వినదు, నీ మాట కాదనదు. అస్సాంలోని తేజ్‌పూర్‌లో రీతా బెనర్జీ అనే వైల్డ్‌లైఫ్ దర్శకురాలు 2014లో గ్రీన్ హబ్ అనే సంస్థ పెట్టి, ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు కెమెరా నేర్పి, వాళ్ల అడవుల కథలు వాళ్లతోనే తీయిస్తోంది. అంటే ఇది మన దేశంలోనూ చేస్తున్న పనే అని అక్కకు చెప్పు. పిల్ల ఒంటరిగా అడవికి పోదని, కూలీ ఆడవాళ్లతోనే పోయి వాళ్లతోనే వస్తుందని కూడా చెప్పు. అక్క భయం ఉత్తదని నేననడం లేదు.

ఒక మైకు, హార్డ్ డిస్కు కొని పెట్టాను. సంక్రాంతికి ఇక్కడి నుంచి నిజామాబాద్ వస్తున్నవాళ్లు తెచ్చిస్తారు. వీడియోలో కనిపించే ఆడవాళ్లను ముందే అడిగి, వాళ్లు సరేనంటేనే తీయమను. ఆ రోజు కూలి పోతే కట్టివ్వాలి, ఆ పైసలు నేను పంపుతాను. తునికాకు కోత వేసవిలో కొన్ని వారాలే కదా, అక్కతో ఇప్పుడే మాట్లాడు. ఆదివారం ఫోన్ చేస్తా, ఏమందో చెప్పు.

నీ చిన్నబిడ్డ