పెరుగు లెక్కలోకి రాదట!

ఫ్రీమాంట్,
శుక్రవారం మధ్యాహ్నం

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. ఎంత తిట్టుకున్నా పడతాను. అమ్మ మోకాలు నయం, ఈయనకి ప్రాజెక్టు మారింది, పెద్దాడికి ముందు పన్ను ఊడింది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి బుధవారం జరిగింది. అది నీకు చెబితే గానీ నా కడుపుబ్బరం తీరదు.

ఇంట్లో డేకేర్‌కి లైసెన్స్ వచ్చిందని రాశాను కదా. దానికోసం 16 గంటల ట్రైనింగ్ చేశాను. అందులో ఒక గంట అచ్చంగా పిల్లల తిండి మీదే. ఇప్పుడు ఆరుగురు పిల్లలున్నారు. లైసెన్స్ ఉంటే అమెరికా వ్యవసాయ శాఖ నడిపే పిల్లల ఆహార పథకంలో చేరొచ్చు, సీఏసీఎఫ్‌పీ అంటారు. ఒక్కో పిల్లకి రోజుకి రెండు భోజనాలు, ఒక చిరుతిండి దాకా డబ్బు తిరిగి ఇస్తారు. మీ అంగన్‌వాడీకి సరుకులొస్తాయి, ఇక్కడ మనమే కొని, వండి, ఎవరెవరు ఏం తిన్నారో ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఏడాదికి మూడుసార్లు వచ్చి చూస్తారు. అందులో రెండుసార్లు చెప్పకుండానే!

బుధవారం సరిగ్గా పన్నెండింటికి బెల్ మోగింది. తలుపు తీస్తే తనిఖీకి వచ్చే పథకం ఆవిడ. నా గుండె గుభేలుమంది. మన హాస్టల్ వార్డెన్ లైటు వేసినప్పుడు మనిద్దరం ఎలా బిగుసుకుపోయామో, అలాగే.

పిల్లలు పళ్ళాల ముందు కూర్చుని ఉన్నారు. అన్నం, కందిపప్పు, బీట్‌రూట్ కూర, అరటిపండు, పెరుగు, పాలు. పెరుగన్నం తినేవాడికి మళ్ళీ పాలెందుకంటావు కదా? మొదట్లో నేనూ అదే అడిగాను. పెరుగు పెట్టినా పాలకి పాలే ఇవ్వాలట. ఏడాది పిల్లలకి వెన్న తీయనివి, రెండేళ్ళు దాటితే వెన్న తగ్గించినవి. ఫ్రిజ్‌లో రెండు రకాల డబ్బాలు పెట్టుకుంటాను. అదంతా సరిగ్గానే ఉంది. ఆవిడ స్టీలు గిన్నె వైపు చూసి, ఇది ఏ కంపెనీ పెరుగు అని అడిగింది.

నేనే తోడుపెట్టానని గర్వంగా చెప్పాను చిట్టీ.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగు లెక్కలోకి రాదంది! కొన్న పెరుగైతేనే లెక్కట. కావాలంటే అదనంగా పెట్టుకోవచ్చు, భోజనంలో భాగంగా మాత్రం రాసుకోకూడదు. నేనేమో కాగితం మీద పెరుగుని మాంసకృత్తుల కింద, పప్పుని కూరగాయల కింద రాశాను. పెరుగు పోతే ఆ భోజనమే చెల్లదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డబ్బు గురించి కాదే. మూడేళ్ళ బుడ్డోడు ఒకడున్నాడు, చేరిన మొదటి వారం ఏం పెట్టినా ఉమ్మేశాడు. ఈ పెరుగన్నంతోనే దారిలోకొచ్చాడు. అలాంటి పెరుగుని ఎవరైనా లెక్కలో లేదంటే...

ఆవిడ మంచి మనిషి. నన్ను కూర్చోబెట్టి కొలత కప్పులు తెమ్మంది. పప్పునే మాంసకృత్తుల గడిలోకి మార్చింది. కూరగాయకి బీట్‌రూట్ ఉంది కదా! ఒకే పూట పప్పుని రెండు గడుల్లోనూ రాయకూడదట, ఏదో ఒకటే. చిన్నవాళ్ళకి పావు కప్పు పప్పు చాలు. మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి కప్పులో ఎనిమిదో వంతులు మూడుండాలి, అంటే ఆరు పెద్ద చెంచాలు. నేను అందరికీ నాలుగే వేశాను. ఎంత తక్కువ? రెండు చెంచాలు! పిల్లలింకా లేవలేదు. గబగబా ఆ వయసున్న నలుగురికీ ఇంకో రెండేసి చెంచాలు వడ్డించాను. వడ్డిస్తుంటే మన హాస్టల్ భోజనాలు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఆవిడకి అర్థం కాలేదు. బుడ్డోడు ఆ పప్పుని పెరుగన్నంలో కలిపేసుకుని తిన్నాడు.

భోజనం చెల్లింది!

రాత్రి కూర్చుని పథకం వాళ్ళ పుస్తకాలన్నీ చదివాను. ఎంత బాగున్నాయో. ఊరికే ఇస్తారు, పథకంలో ఉంటే అచ్చు కాపీలు ఇంటికి పంపుతారు. ఇన్నాళ్ళూ అరలో పడేశాను, అదే బాధ. నీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. నాలుగేళ్ళ లోపు పిల్లలకి ద్రాక్షపళ్ళు గుండుగా ఇవ్వకు, నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యి. పల్లీలు, పల్లీ పట్టీ ఆ వయసుకి అసలొద్దు, గొంతులో అడ్డం పడతాయి. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించొద్దు. మీ ఊళ్ళో పుట్టగానే నాకిస్తారు కదా, అమ్మమ్మలకి నువ్వే నచ్చజెప్పాలి, నీ మాటైతే వింటారు.

పెరుగు మాత్రం మానను. పప్పు కొలిచి పెడతాను, పెరుగు పైన వేస్తాను, రాయను. నువ్వైతే ఏం చేసేదానివి? నిజం చెప్పు. మీ దగ్గర బాలామృతం పిల్లలు తింటున్నారా, లేక ఇంట్లో... అదిగో, బుడ్డోడు నిద్ర లేచాడు, వాడి వెనకే ఇంకొకరు. మిగతాది ఆదివారం రాస్తాను.

నీ
పక్కబెంచీ